తువ్వాలు కప్పిన అద్దం

ఆ కాలానికి ప్రతి ఇంట్లోనూ వాష్‌బేసిన్ అద్దమే ముఖం చూసి, రక్తంలో కొవ్వు ఎంతుందో పైకే చెప్పేసేది. తన కొడుకు చేతన్‌కు పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఎక్కువని అది అంటుంటే హైమావతికి తల కొట్టేసినట్టుండేది. అందుకే ఆడపడుచు వినోదిని కూతురితో వస్తోందనగానే అద్దానికి తువ్వాలు కప్పేసింది.

చేతులు కడుక్కోబోయిన వినోదిని తువ్వాలు చూసి ఆగిపోయింది.

"మీరూ కప్పేశారా వదినా? మా పాపకీ కొలెస్ట్రాల్ ఎక్కువనే మా ఇంటి అద్దం చెప్పింది. మా నాన్న గుండె జబ్బే పాపకీ వచ్చిందంటారని ఎవరికీ చెప్పలేదు. మందు కూడా వేయించలేదు."

హైమావతి తలెత్తలేకపోయింది.

"మావాడు రెండేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాడమ్మా. నీకు చెప్పకుండా దాచాను. రేపే పాపను డాక్టరుకి చూపిద్దాం."



"వాడికి తగ్గిందా?" అని మాత్రం వినోదిని అడిగింది.

తగ్గిందని చెబితే, తాను దాచినందుకు పాప మందు లేకుండా గడిపిన రెండేళ్లూ గుర్తుకొస్తాయని, హైమావతి అద్దం మీది తువ్వాలు తీసి మడతపెట్టసాగింది.