నలభై మూడుసార్లు

తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి అక్క బల్ల మీద ఠపీమని పెట్టాడు.

“నలభై మూడు! మన మెయిళ్లలో నువ్వు నన్ను ‘చేతకానివాడివి’ అన్నది నలభై మూడుసార్లుంది. ప్రోగ్రాం రాసి మరీ లెక్కపెట్టించా. ఇంక నీ ఆఫీసులో ఒక్క క్షణం కూడా ఉండను.”

అక్కకు ఒళ్లు మండింది. అన్న మాట నిజమే గానీ, మరీ అన్నిసార్లా? కళ్లద్దాలు సర్దుకుని వాడి కోడ్ చదివింది. వాడికి ఈ పని నేర్పింది తనే.

“ఇదీ నీ నిర్వాకం! ప్రతి జవాబు లోపలా పాత మెయిల్ అతుక్కుని వస్తుంది కదరా. దాని జవాబులో మళ్లీ వస్తుంది. ఆ లోపలి పొరలన్నీ విప్పి లెక్కేస్తే నలభై మూడు కాక ఏమవుతుంది? పై పొర ఒక్కటే లెక్కెయ్.”

వాడు పళ్లు కొరుకుతూ ఒక లైను మార్చాడు. తెర మీద ఒకటి అని పడింది.

“చూశావా? నేనన్నది ఒక్కసారి. మిగతా నలభై రెండూ మోసుకు తిరిగింది నువ్వే. చేతకాని...” అంటూనే నాలిక్కరుచుకుంది.

తమ్ముడు వెతకాల్సిన మాట చెరిపేసి, ఆ చోట ‘తప్పయింది’ అని కొట్టాడు.

“ఇది నువ్వెన్నిసార్లన్నావో చూద్దాం. పై పొరా, లోపలి పొరలూ, అన్నీ వెతికిస్తున్నా.”

సున్నా వచ్చింది.

అక్క వాడి కోడ్‌ని మళ్లీ మొదటి లైను నుంచి చదివింది. ఈసారి అందులో తప్పేమీ దొరకలేదు.