కనబడని గుర్రం

క్లబ్బు చెస్ పోటీల్లో సెమీఫైనల్. చెరో పదిహేను నిమిషాల ర్యాపిడ్ గేమ్. నా ఎదురుగా కూర్చున్నది కంటి డాక్టరుగారు. రేపు ఉదయం ఎనిమిదింటికి మా నాన్న కంటికి ఆపరేషన్ చేసేదీ ఆయనే. నాన్నకి చూపు మిగిలింది ఆ ఒక్క కంట్లోనే.

అంతటి మనిషి తన మంత్రిని తెచ్చి సాక్షాత్తూ నా గుర్రం నోట్లో పెట్టారు. వేలు మాత్రం ఇంకా దానిమీదే ఉంది.

"సార్, ఇంకోసారి చూసుకోండి." ఆటలో అలా చెప్పకూడదు. కానీ రేపు నాన్న కంటిమీద కత్తి పట్టేది ఆ వేళ్లే.

"చూశానయ్యా. కానివ్వు," అని వేలు తీసేశారు.

గత్యంతరం లేక మంత్రిని చంపాను.

"అరె, అక్కడ గుర్రముందా? కనబడలేదు."

కంటి డాక్టరు నోట వినకూడని మాట అది. గెలుస్తున్నవాడి చేతులు వణకడం మా క్లబ్బు చరిత్రలో అదే ప్రథమం.

ఆయన ఓటమి ఒప్పుకుని, గడియారం ఆపి చెయ్యి చాపారు.

"సార్, రేపు..." అన్నాను.

"రేపటి సంగతి కాసేపు మరిచిపోదామనే ఆడ్డానికొచ్చానయ్యా. పొద్దుట్నుంచీ మీ నాన్న కన్ను తప్ప నాకింకేమీ కనబడట్లేదు."

ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది వణకడం లేదు.

"కప్పు సంగతి నేను చూసుకుంటా. మీరెళ్లి పడుకోండి సార్."