బియ్యం డబ్బాలో ఫోన్

జాతకాలు చూడడం పోయి చాలాకాలమైంది. ఇప్పుడు పెళ్ళిచూపుల్లో అమ్మాయి, అబ్బాయి పెద్దల ముందు పాస్‌కోడ్లు చెప్పాలి. ఫోన్‌లో తేడా కనిపిస్తే సంబంధం తప్పిపోతుంది.

కాకినాడలో హిమజ తన ఫోన్ పళ్ళెంలో పెట్టి కోడ్ చెప్పింది. పెళ్ళికొడుకు ప్రణీత్ కూడా చెప్పాడు. అతని తల్లి వరలక్ష్మి హిమజ ఫోన్ తెరిచింది. అందులో అమ్మానాన్నల నంబర్లు, వినాయకుడి బొమ్మ ఉన్నాయి. హిమజ తండ్రి ప్రణీత్ ఫోన్ తెరిచాడు. అందులోనూ అంతే.

"ఇంత శుభ్రమైన జంటను చూళ్ళేదండీ" అన్నాడు పెళ్ళిళ్ళ పేరయ్య.

అంతలో వంటింట్లో బియ్యం డబ్బాలోంచి ఫోన్ మోగింది. హిమజ తండ్రి తల దించుకున్నాడు. మోత ఆగి మళ్ళీ మొదలైంది.

"ఎవరిదమ్మా అది?" అంది వరలక్ష్మి.

"మా అమ్మదండీ" అంది హిమజ.

"మీ అమ్మ ఫోన్ ఆవిడ చేతిలోనే ఉందిగా."

ప్రణీత్ కిటికీలోంచి తమ కారు వైపు చూశాడు.

"వెళ్ళి తీసుకోమ్మా, ఏం అవసరమో ఏమో" అంది వరలక్ష్మి. "మావాడిది కారు సీటు కింద నేనే పెట్టించాను. తాంబూలాలు తెప్పించండి, అన్నయ్యగారూ."