కొత్త బుష్షులు

అతను గదిలోకి అడుగు పెట్టగానే భార్యా, బావమరిదీ గొంతులు తగ్గించారు.

ఇది మొదటిసారి కాదు. జ్వరం నుంచి లేచినప్పటి నుంచీ ఇంట్లో ఇదే తంతు. మంచాన పడి ఉన్నన్నాళ్లూ రోగి నిద్ర చెడుతుందని గుసగుసగా మాట్లాడుకున్నారంటే అర్థముంది. ఇప్పుడు ఆసుపత్రి గొడవ లేదు, పూటకో సూది లేదు. చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడు. ఇంకా ఎందుకీ గుసగుసలు?

"ఏమిటి విషయం?" అన్నాడు.

"ఏం లేదు బావా" అన్నాడు బావమరిది. ఏమీ లేకపోతే అక్క మొహం చూడడం దేనికి?

ఆ ఇంట్లో చాటుగా మాట్లాడుకోవాల్సినంత విషయం ఒక్కటే ఉంది. బండి.

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే పికప్ అది. బీరువాలూ ఫ్రిజ్‌లూ ఎక్కిస్తే వెనక భాగం పొదిగే కోడిలా కూలబడుతోందని, కమాను కట్టలకు అదనపు పట్టీలు వేయించాడు. ఆ కట్టల చివర్ల ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే మెత్తటి రబ్బరు బుష్షులు పీకించి గట్టి ప్లాస్టిక్‌వి పెట్టించాడు. బండి ఠీవిగా లేచి నిలబడింది. ఆ రోజు నుంచే కీచు మొదలైంది. చిన్న గుంతకు చిన్న కీచు, స్పీడ్ బ్రేకర్‌కి పెద్ద కీచు.

"మీరొస్తున్నారని మూడు వీధుల అవతలే తెలిసిపోతోంది. ఈలోగా కంచం పెట్టేయొచ్చు" అని భార్య ఎగతాళి చేసేది.

షెడ్డు మేస్త్రీ పట్టీలు బిగించి చూశాడు. షాక్ అబ్జార్బర్లు విప్పి చూశాడు. ఆఖరికి బుష్షుల మీద నీళ్లు చల్లాడు. తడి ఉన్నంతసేపూ చప్పుడు ఆగింది.

"దొంగ దొరికాడు సార్. మళ్లీ రబ్బరువే వేద్దాం" అన్నాడు.

కొత్త బుష్షులకు చెప్పి, బండి షెడ్డులో వదిలిన మర్నాడే జ్వరం పట్టుకుంది. బండి ఇంకా అక్కడే ఉంది. "బుష్షులొచ్చాయట బావా, వేస్తాడట" అంటాడు బావమరిది. నాలుగు బుష్షులు వేయడానికి ఇన్నాళ్లా?

నిన్న వంటగది గుమ్మం దాకా పిల్లిలా వెళ్లాడు. అటు తిరిగి ఉన్న భార్య, తమ్ముడితో అంటున్న మాట చెవిన పడింది.

"బండి వదిలిస్తే నయం."

ఒళ్లు మండిపోయింది. "నా బండి వదిలించడానికి మీరెవరు?"

భార్య గరిటెతో సహా ఇటు తిరిగింది. మొహమ్మీదకొచ్చి అరిచింది.

"నేనన్నది వేడి తగ్గిస్తే నయం అని! పాలు పొంగుతున్నాయి, కనబడడం లేదూ?"

పాలు పొంగుతున్న మాట నిజమే. అయినా ఎంత తెలివి! దొరికిపోగానే అబద్ధానికి ప్రాస కూడా కుదిర్చింది.

ఇక పరీక్ష ఒక్కటే. అమ్మేసే బండికి కొత్త బుష్షులు ఎవరూ వేయించరు. బాగు చేయిస్తున్నామన్న మాట నిజమైతే కీచు ఉండకూడదు. ఉందో, ఆలుమగల మధ్య ఇక నమ్మకం లేనట్టే.

"ఇంకా నీరసంగానే ఉన్నారు, ఇప్పుడెందుకండీ?" అని భార్య అడ్డం పడింది. వద్దన్న కొద్దీ అనుమానం పెరిగింది. చివరికి ఆమె కూడా వెంట బయల్దేరింది.

షెడ్డులో మేస్త్రీ ఇంకో బండి కింద ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. తన పికప్ బయట ఓ వారగా నిలబడి ఉంది.

"అయిపోయిందా మేస్త్రీ?"

కింద నుంచి ఏదో గొణుగుడు. చివర 'ఇంది' అన్నట్టే ఉంది. మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుని బండెక్కాడు. భార్య పక్క సీట్లో కూర్చుని ఏదో చెప్పబోయింది. చెయ్యెత్తి ఆపాడు. మాటలొద్దు. ఇప్పుడు బండే చెప్పాలి.

ఇంజిన్ గుర్రుమంది. గుంత చూసి మరీ దింపాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. కీచు లేదు. మార్కెట్ దగ్గరి స్పీడ్ బ్రేకర్ ఎక్కించాడు, దించాడు. లేదు. వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాడు. బండి వెన్న మీద నడిచినట్టుంది.

దారి పొడుగునా జనం తలలు తిప్పి చూశారు. దాని ఠీవి అలాంటిది మరి. భార్య స్కార్ఫ్ తీసి చెవుల మీదుగా బిగించి కట్టుకుంది. జ్వరమొచ్చింది తనకి, చలి ఈవిడకి! నవ్వొచ్చింది.

నవ్వు వెనకే సిగ్గూ వచ్చింది. తడిగుడ్డలు మార్చీ మార్చీ చేతులు నానిపోయిన మనిషినా అనుమానించాడు?

"నిన్న పాల దగ్గర నాదే తప్పు" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మీ తమ్ముడికీ చెప్పు. వాణ్ని కూడా ఏదేదో అనుకున్నాను."

ఆమె జవాబేం చెప్పిందో గానీ, కళ్లు మాత్రం తుడుచుకుంటోంది. పిచ్చిది, ఇంత చిన్న మాటకే.

తిరిగొచ్చేసరికి మేస్త్రీ షెడ్డు గుమ్మంలో నిలబడి, నోరు తెరిచి బండి వైపే చూస్తున్నాడు. అతను బండిలోంచి కుర్రాడిలా కిందకి దూకాడు.

"నీ చేతులకు దండం మేస్త్రీ! చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది. ఏం మాయ చేశావయ్యా?"

మేస్త్రీ అతన్నీ, వెనకే దిగుతున్న ఆమెనీ మార్చి మార్చి చూశాడు, పెదవులు కదిపాడు, ఆ తర్వాత లోపలికి వెళ్లి, ఇంకా సీలైనా తియ్యని కొత్త బుష్షుల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు.