‘చు’ అయిపోయింది

ఒక్క అక్షరం కోసం మునిలక్ష్మి చిత్తూరు నుంచి తిరుపతికి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చింది.

తోడు వాళ్ల అవ్వ మునెమ్మ. అక్షరం సంగతి అవ్వకు తెలియదు గానీ, మనవరాలు రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని మాత్రం తెలుసు.

తిరుపతి వారపత్రికలో కొత్తగా రాసే పిల్లల కోసం ఒక పేజీ ఉంది. రెండేళ్లుగా మునిలక్ష్మి ఆ పేజీకి కవితలు పంపుతోంది. ఒక్కటీ అచ్చు కాలేదు. పంపిన ప్రతిసారీ సంపాదకుడి కార్డు మాత్రం వచ్చేది.

"రెండో పాదం కొట్టేసి మళ్లీ పంపు."

"ఇది పుస్తకంలో మాట. మీ ఇంట్లో ఏమంటారు?"

కింద ‘సం.’ అని పొడి సంతకం. ప్రతి కార్డు మూలా ఒక నల్లటి మరక.

"ఈ పోస్టాయప్ప సేతులు కడుక్కోడు" అని అవ్వ సణిగేది.

ఏడో కార్డులో "వచ్చే శుక్రవారం నీ కవిత వేస్తున్నాను" అని ఉంది. ఆ సంతోషం ఒక్క పూటే నిలిచింది. ట్రైనింగు స్కూల్లో తెలుగు పంతులు ఆమె చిత్తుకాగితం చూసి పకపకా నవ్వాడు. ‘చుక్క’ అని ఉండాల్సిన చోట ‘సుక్క’ అని ఉంది. పాడుకుంటూ రాసింది కదా, నోట్లో మాటే చేతిలోకి దిగిపోయింది. పత్రికకు పంపిన సాపు ప్రతిలోనూ అదే వెళ్లింది.

"రేపు పంతులమ్మవి కావాల్సినదానివి. ఇది అచ్చులో పడితే జిల్లా అంతా నవ్వుతుంది" అన్నాడు పంతులు.

ఆ ‘సు’ అచ్చులో పడి నలుగురూ నవ్వితే ఇక కలం పట్టనని మునిలక్ష్మి ఒట్టు పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ల వయసులో పెట్టుకునే ఒట్లు మహా గట్టివి.

తిరుపతిలో ఆ పత్రిక ప్రెస్సులో ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు. చిరుగు బనియను, మసి చేతులు. అరల్లోంచి సీసం అక్షరాలు ఏరి, కళ్లకు ఆనించుకుని చూసి, వరసగా పేరుస్తున్నాడు.

"ఎడిటరుగారు ఉండారా?"

"ఏం పని పాపా?"

"ఆయనతోనే సెప్పాల."

"నాతో సెప్పు. అచ్చు పేర్చేది నేనే కదా."

మునిలక్ష్మి చెప్పింది. ఆయన ఆమె కాగితం వెతికి తీసి, పైకి చదివాడు.

"సుక్క పొడవక మునుపే అవ్వ
సంగటి మూట కట్టింది."

చదివి తలెత్తాడు. "బాగుండాది కదా."

"యాడ బాగుండాది? ‘సు’ తీసేసి ‘చు’ పెట్టండి."

ఆయన ఒక అర మీదికి వంగాడు. చాలాసేపు వెతికాడు.

"‘చు’ అయిపోయింది పాపా."

"అయిపోయేదానికి అదేమన్నా ఉప్పా?"

"సీసం కదా, అరిగిపోతాది. కొత్తవి మద్రాసు నించి రావాల. యుద్ధం అయిపోయినా ఇంకా రాలేదు."

"అట్లయితే నా కవితే తీసేయండి."

"పేజీ బిగించేసినా. ఇప్పుడు తీస్తే మిగతా పిల్లోళ్లవి కూడా రాలిపోతాయి."

మునిలక్ష్మికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నవ్వులపాలయ్యేది నేను, నువ్వు కాదు. ఎడిటరుగారికి జాబు రాస్తా. నీ పని పోతాది సూడు."

"రాయి పాపా. నువ్వు రాసేది మానకుంటే సాలు" అన్నాడాయన.

కాగితం తిరిగి ఇచ్చాడు. దాని మూల ఆయన బొటనవేలి ముద్ర నల్లగా పడింది. ముద్రకు అడ్డంగా ఒక పాత గాటు.

"ఇది కూడా మసి చేసినావు" అని మునిలక్ష్మి లాక్కుంది.

బయట అరుగు మీద అవ్వ లేచి నిలబడింది. "పనయిందా?"

"లేదు. అక్షరాల్లేవంట."

సోమవారం తరగతిలో పంతులు చేతిలో ఆ పత్రిక కనబడింది. మునిలక్ష్మి ముందు బెంచీ పిల్ల వీపు చాటుకు వంగింది. ఆయన కవిత పైకి చదవబోయి మొదటి మాట దగ్గర ఆగాడు. ‘చుక్క’ అని దిద్ది చదివాడు. ఎందుకో తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ‘సుక్క’ అని చదివాడు.

తరగతిలో ఎవరూ నవ్వలేదు.

"దిద్దితే ఆ ముసలమ్మ కనబడ్డం లేదు. ఇట్లాగే ఉండనీ" అన్నాడు పంతులు.

మునిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వచ్చిందో, ఎగిరి వచ్చిందో ఆమెకే తెలియదు. ఒట్టు సంగతి దారిలోనే మరిచిపోయింది. రాగానే, పంతుల్ని అడిగి తెచ్చుకున్న పత్రిక తెరిచి అవ్వకు చదివి వినిపించింది.

"ఇది మన సుక్కే" అంది అవ్వ. "ఇంకా ఏమి రాసినారు? సదువు."

కవిత కింద, అదే సైజు అక్షరాల్లో, చుట్టల అంగడి ప్రకటన ఉంది. మునిలక్ష్మి చదువుతూ చదువుతూ ఆగిపోయి, వేలు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది ‘చు’లు ఉన్నాయి.

"అయిపోయిందన్నాడే" అని గొణిగింది.

దాని కింద నాలుగు పంక్తులు. ‘చూపు మందగించినందున సంపాదకుడు ఈ సంచికతో సెలవు తీసుకుని సొంత ఊరు వెళ్లిపోతున్నాడు. పిల్లలు రాసేది మానకుంటే చాలు.’

ఆ చివరి మాట ఆమె ఎక్కడో విన్నది.

మునిలక్ష్మి గబగబా రేకుపెట్టె తెరిచి, ఏడు కార్డులూ చాప మీద పరిచి, ప్రెస్సులో లాక్కున్న కాగితాన్ని వాటి పక్కన పెట్టింది. ఎనిమిది మూలల్లోనూ ఒకే బొటనవేలు, అడ్డంగా ఒకే గాటు.

"ఏమే, అట్లా అయిపోయినావు?" అంది అవ్వ.

"ఈ మరక పోస్టాయప్పది కాదవ్వా" అంది మునిలక్ష్మి, "ఎడిటరుగారిది."