ఎర్రగుడ్డ కింది పేరు

“పేరు ఇంకాస్త పెద్దగా రాయొచ్చు కదయ్యా షఫీక్? దాత పేరంటే గేటు దగ్గరికి కనపడాలి,” అన్నారు హెడ్మాస్టరు శశిభూషణ్ గారు కళ్ళజోడు సవరించుకుంటూ.

“రేకు అంతే ఉంది సార్. ఇంకా పెద్దగా కావాలంటే మిషనే పెద్దది కావాలి,” అన్నాడు పెయింటరు షఫీక్. రంగు ఆరిందో లేదో వేలితో చూసుకుని రేకు మీద ఎర్రగుడ్డ కట్టాడు.

చిలకలూరిపేట దగ్గర ఆ ఊళ్ళో దానమంటే పేరుండాల్సిందే. బస్టాండు బల్ల మీద ఉంటుంది, మంచినీళ్ళ ట్యాంకు మీద ఉంటుంది, బడి ఫ్యాన్ల రెక్కల మీద కూడా ఉంటుంది. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడిందంటే కరెంటు పోయినట్టు. మూడేళ్ళ కిందట గుంటూరు నుంచి ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు ఈ బడికి కంప్యూటర్లు, సోల్డరింగ్ సామాను, ప్లాస్టిక్ కరిగించి వస్తువులు తయారుచేసే త్రీడీ ప్రింటరు ఇచ్చారు. శశిభూషణ్ గారు స్క్రూడ్రైవరు పిడి మీద కూడా కాలేజీ పేరు రాయించారు. ఒకరి సాయం పొందినప్పుడు నలుగురికీ చెప్పుకోవాలని ఆయన పట్టుదల.

ఈరోజు మళ్ళీ ఆ కాలేజీవాళ్ళే వస్తున్నారు. ఈసారి సంగతి పెద్దది, ఎండుమిరపకాయల తొడిమలు, అదే ముచ్చికలు తీసే మిషన్. ప్రిన్సిపాల్ త్యాగరాజు గారు స్వయంగా కార్లో బయల్దేరారు. మిషన్‌కి పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు. ఒకసారి తిప్పి చూద్దామని సైన్సు టీచరు రచన స్విచ్ వేస్తే, అది కటకటమని ఆగిపోయింది.

“అయిపోయింది. పరువు పోయింది,” అంటూ కుర్చీలో కూలబడ్డారు శశిభూషణ్ గారు.

ఎనిమిదో తరగతి దీప్తి అప్పటికే స్క్రూడ్రైవరుతో మిషన్ కిందికి దూరింది.

“చక్రం పన్ను విరిగింది మేడమ్. దండ దారం లోపలికెళ్ళి చుట్టుకుంది.”

“ఎవరమ్మా ఆ దండ వేసింది?” రచన పిల్లల వైపు చూసింది. పిల్లలంతా హెడ్మాస్టరు వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

“కొత్త చక్రం ప్రింటర్‌లో చేసేస్తాను సార్. కొలతలు కంప్యూటర్‌లో ఉన్నాయి. ముప్పావుగంట పడుతుంది,” అంది దీప్తి.

“యడ్లపాడు దాటామని ఇప్పుడే ఫోన్ చేశారమ్మా!”

“మీరు వాళ్ళని కాసేపు మాటల్లో పెట్టండి సార్,” అంది రచన.

ఆయన గేటు దగ్గరికి పరుగెత్తారు. ప్రింటరు సన్నగా రొదపెడుతూ చక్రం గీయసాగింది. దాని ముందు గొంతుక్కూర్చున్న దీప్తి పక్కనే ఆమె నాయనమ్మ రాఘవమ్మ చతికిలబడింది.

“పని మానుకుని రమ్మంటివి. ఇదేనటే చూపించేది, ఆగిపోయిన మిషను?”

“కాస్త ఉండు నాయనమ్మా.”

“పనిచెయ్యకపోతే ఇచ్చినోళ్ళకి కదే సిగ్గు! నీకెందుకే అంత కంగారు?”

దీప్తి పక్కకి తిరిగి నాయనమ్మ వేళ్ళకేసి చూసింది. పొద్దుగూకేదాకా కోల్డ్ స్టోరేజీలో ముచ్చికలు తీసి, ఇంటికొచ్చాక ఆ చేతుల్ని మజ్జిగ గిన్నెలో ముంచి కూర్చుంటుంది రాఘవమ్మ. మిరపకాయల కాలమంతా అన్నం చెంచాతోనే తింటుంది. అది చూసినప్పుడల్లా దీప్తికి ముద్ద దిగేది కాదు.

“మీరైనా చెప్పండి మేడమ్,” రాఘవమ్మ రచన వైపు తిరిగింది. “ఏడాదిగా సాయంత్రమైతే ఈ గదే దీనికి ఇల్లు. మొన్న గంపెడు కాయలు బడికి మోసుకొచ్చింది. ఏం చేశావే అంటే నవ్వుద్ది.”

రచన కూడా నవ్వి ఊరుకుంది.

గేటు దగ్గర కారు ఆగింది. వెనకాలే ట్రాలీ ఆటో.

“ఆటో కూడా తెచ్చారే! ఇంకా ఏమేం తెచ్చారో!”

“ఖాళీదేలే నాయనమ్మా,” అంది దీప్తి, సగం తయారైన చక్రం మీంచి చూపు తిప్పకుండా.

బయట శశిభూషణ్ గారు త్యాగరాజు గారికి ఒక్కో గదీ తిప్పి, ఒక్కో ఫ్యానూ ఆపించి, రెక్కల మీద పేర్లు చదివించారు. ఎండాకాలం. ప్రిన్సిపాల్ గారి చొక్కా తడిసి ముద్దయింది. ట్యాంకు మీద పేరు దగ్గరికి చేరేసరికి మిషనున్న గదిలోంచి గిర్రుమని చప్పుడు వినపడింది. శశిభూషణ్ గారి ముఖం వెలిగిపోయింది.

“లోపలికి పదండి సార్. చెమటలు పడుతున్నాయి మీకు!”

దీప్తి దోసెడు కాయలు నాయనమ్మ చేతిలో పోసింది. రాఘవమ్మ బెరుగ్గా మిషన్‌లో వేసింది. ముచ్చికలు ఒక పక్కకి రాలాయి, కాయలు ఇంకో పక్కకి జారాయి. ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

“నలగలేదే! గింజ కూడా రాల్లేదు!” ఆమె కళ్ళు చెమర్చాయి. “ఇది మా స్టోరేజీకి వస్తదా?”

“ఇలాంటివి కాలేజీలో ఇంకా చాలా తయారవుతాయి నాయనమ్మా. మీ అందరికీ వస్తాయి. తిప్పేది నువ్వే.”

త్యాగరాజు గారు సంచిలోంచి శాలువా తీశారు. శశిభూషణ్ గారు అలవాటుగా మెడ వంచారు. శాలువా వెళ్ళి దీప్తి భుజాల మీద పడింది. పిల్లలు గొల్లున నవ్వారు, అందరికంటే పెద్దగా శశిభూషణ్ గారే నవ్వారు.

“ఆ గుడ్డ కింద ఇచ్చినోళ్ళ పేరుందంటగా! నాకు చదువు రాదు. కాస్త చదివి పెట్టండి బాబూ,” అంది రాఘవమ్మ.

త్యాగరాజు గారు ఎర్రగుడ్డ విప్పి, గొంతు సవరించుకుని, గేటు దాకా వినపడేటట్టు చదివారు.

“మీ ఇంజనీరింగ్ కాలేజీకి మా ఎనిమిదో తరగతి కానుక.”