లాటిన్‌లో లేని పేరు

"ఏయ్ ఆమా! ఆ కొమ్మ ముట్టుకోకు!"

నిగమ్ అరుపుకి చెట్టు మీది ముసలమ్మ ఉలిక్కిపడింది. ఆ కొండల్లో అవ్వని ఆమా అంటారు. కొడవలి జారి కింద పడింది.

నిగమ్ దాన్ని సంచీలో పడేసుకున్నాడు.

"కొడవలి ఇయ్యి మనవడా, గేదెకి మేతెయ్యాలి."

"ఇది నా పరిశోధన చెట్టు. మూడేళ్ళుగా ఒక పురుగు కోసం చస్తున్నా."

పురుగంటే బియ్యపు గింజంత చిమ్మట. దాని పిల్లపురుగు ఓక్ ఆకు పొరల మధ్య సొరంగం తొలుచుకుని బతుకుతుంది. అరవై ఏళ్ళ కిందట ఎవరో దొర ఈ కుమావోన్ కొండల్లో పట్టి, కిమూలియే అని పేరు పెట్టాడు. మళ్ళీ దాన్ని చూసిన నాథుడు లేడు.

"లోయలో దొరికే మామూలు చిమ్మటే అది. దొర పొరబడ్డాడు. వసంతం ముగిసేలోగా చూపించకపోతే జాతుల జాబితాలోంచి కొట్టేస్తా" అని లక్నోలో ప్రొఫెసర్ తేల్చేశాడు. నిగమ్ మూడేళ్ళ కష్టమూ దాంతోపాటే గంగలో కలుస్తుంది.

పోనీ, ఆ పేరైనా అర్థమైతేనా! ఏ లాటిన్ నిఘంటువులోనూ లేదు. లాటిన్ పద్ధతిలో చివర 'ఏ' చేర్చారు కాబట్టి ఎవరో ఆడమనిషి పేరట. దొరకేమో పెళ్ళీ లేదు, అక్కచెల్లెళ్ళూ లేరు. నిగమ్‌కి బుర్ర వేడెక్కిపోయింది.

ముసలమ్మ చెట్టు దిగి నవ్వింది.

"ఆకులో సొరంగం పురుగా? అది ఈ బాంజ్ ఓక్ మీద ఎక్కడుంటుందయ్యా! తిలౌంజ్ ఓక్ ఆకు తింటుంది. మంచు కరిగాక చిగుళ్ళలో చూడు."

"పుస్తకంలో బాంజ్ అనే ఉంది."

"దొరలకి ఓక్ చెట్లన్నీ బాంజే!"

"నీకేం తెలుసు? పో, పో."

ముసలమ్మ వట్టి చేతుల్తో వెళ్ళిపోయింది.

చలికాలమంతా నిగమ్ బాంజ్‌లే గాలించాడు. ఏమీ లేదు. ఏప్రిల్లో, ఇక సామాను సర్దుకుంటూ, ఎందుకైనా మంచిదని ఒక తిలౌంజ్ చిగురు వంచి చూశాడు.

ఆకులో సన్నటి తెల్ల గీత. లోపల పురుగు కదిలింది.

అయ్య బాబోయ్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుస్తకాలకి తెలియనిది గేదెల ముసలమ్మకెలా తెలిసింది?

కొడవలి తీసుకుని, వాకబు చేసుకుంటూ ఆమె ఇంటికి వెళ్ళాడు. కోడలు బయటికొచ్చింది.

"అత్తయ్య పోయి ఇరవై రోజులైంది బాబూ."

నిగమ్ కొడవలి ఆమె చేతికిచ్చాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఆ పురుగు సంగతి ఆవిడకెలా తెలుసు?"

"చిన్నప్పుడు ఎవరో దొర వెంట వల మోసేదట. పురుగుని ముందు చూసింది తనేననేది. మేం నమ్మితేగా!"

"పురుగు నమూనా చీటీ మీద చోటు చెప్పినవాళ్ళ పేరు రాయాలమ్మా. ఊరంతా ఆమా అనేవాళ్ళే. అసలు పేరేంటి?"

కోడలు కొడవలిని కొంగుతో తుడిచి గుమ్మం పక్కన పెట్టింది.

"ఖిమూలీ."